గోలీకి శ్రావణం లేదు

"రాసుకునుడు తర్వాత బిడ్డా. ఆ ఫోను పక్కకు వెట్టి ముందుగాల జర ఇను. కాగితం మీద రాసింది నాకాడ గూడ ఉండె. ఉండంగనే తప్పు జేసిన."

సక్కుబాయి తల ఎత్తలేదు. ఒళ్లో చేట, చేటలో చిక్కుడుకాయలు. ఈనె తీసి తుంచే చెయ్యి తన పాటికి తాను నడుస్తూనే ఉంది.

ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న శ్రీలత ఫోన్‌ని బ్యాగులో పెట్టేసింది. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి, రాయదుర్గంలో దిగి, అక్కణ్నుంచి షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ దాకా వచ్చింది ఆమె. వాళ్లాయన నితీష్ ఒక ఫెర్రెట్ పిల్లను కొనుక్కొచ్చి నాలుగు రోజులైంది. పది వారాల పిల్ల. ముంగిసకు తెల్ల స్వెటరు తొడిగినట్టుంటుంది. దానికి ఏం పెట్టాలో నెట్‌లో పదిమంది పది రకాలుగా చెబుతుంటే, ఆఫీసులో పక్క సీటు సంయుక్త ఒకే మాట చెప్పింది. అవన్నీ మూసేసి సక్కు ఆంటీ దగ్గరికి వెళ్లమంది. డాక్టరు మూడు నెలలని చెప్పిన తమ ఫెర్రెట్ గోలీ ఆవిడ చేతిలో ఏడాది నాలుగు నెలలు బతికిందని చెప్పింది.

సక్కుబాయికి యాభై ఎనిమిదేళ్లు. పుట్టిందీ మెట్టిందీ ఈ నానక్‌రామ్‌గూడలోనే. చదువు మూడో తరగతి. తూర్పు వైపు అద్దాల బిల్డింగు లేచినప్పటి నుంచి ఆమె వాకిట్లోకి ఎండ పదకొండు దాటాకే వస్తుంది. సాయంత్రం మాత్రం పడమటి ఎండ ఆ అద్దాలకు తగిలి మళ్లీ ఇటు పడుతుంది. తమ వాకిట్లో పొద్దు రెండుసార్లు పొడుస్తుందని ఆమె నవ్వకుండా చెబుతుంది. ఆ బిల్డింగు వెనకాల అపార్టుమెంట్లలో, పద్నాలుగో అంతస్తులో, సంయుక్త, హేమంత్‌ల ఇంట్లో ఆమెకు పని. ఇద్దరూ కాకినాడ వైపు వాళ్లు. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఇల్లు ఊడ్చి, తుడిచి, వంట చేసే పనికని కుదిరిన సక్కుబాయికి రెండో వారానికల్లా గోలీని కూడా అప్పజెప్పారు.

నల్లగా, గుండ్రంగా గోలీకాయల్లాంటి కళ్లు కాబట్టి ఆ పేరు. మొదటిరోజు అది సోఫా కింద నుంచి వచ్చి ఆమె కాలి మెట్టెను కొరికి చూసింది. ఎలుకో ముంగిసో తెలియని దాన్ని ఇంట్లో పెట్టుకోవడమేమిటని ఆమె గొణుక్కుంది. పదిరోజులు తిరిగేసరికి ఆ గొణుగుడు పోయింది. తలుపు తాళం తిరిగిన చప్పుడు వినగానే అది పక్కవాటుగా గెంతులు వేస్తూ, గుక్‌గుక్‌మని చిన్నగా నవ్వినట్టు శబ్దం చేస్తూ ఎదురొచ్చేది. ఇన్ని ఇళ్లలో ఇన్నేళ్లు పని చేసినా, తాను వచ్చినందుకు ఎవరైనా గెంతులు వేయడం అదే మొదలని సక్కుబాయి అంటుంది.

దాని తిండి గురించి ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉండేది. ఇంగ్లీషులో ఉంటే సంయుక్త ఒకసారి తెలుగులో చదివి వినిపించింది. నాలుగు గంటలకోసారి పెట్టాలి. కోడి మాంసం, గుండెకాయలు, కందనకాయలు, కొంచెమంటే కొంచెం కార్జం. అన్నం వద్దు, రొట్టె వద్దు, పాలు వద్దు, పండ్లు వద్దు, తీపి అసలే వద్దు.

"పెద్దోళ్ల ఇండ్లల్ల గిసొంటి కాగితాలు మస్తుంటయి," అంది సక్కుబాయి. "ఒకామె కుక్కకు నెయ్యి వెట్టొద్దంటది. ఒకామె కన్నకొడుక్కే చక్కెర వెట్టొద్దంటది. మనం ఊ అంటం. ఆమె అటు వోంగనే పిల్లగాని నోట్లె ఇంత బెల్లం వెడ్తం. ఎందుకు వద్దో ఆళ్లు చెప్పరు, మనం అడగం."

అయినా ఎనిమిది నెలలు కాగితంలో ఉన్నట్టే చేసింది. ఆ ఇంటి ఫ్రిజ్, ఆ ఇంటి మాంసం, ఆ ఇంటి గిన్నె. ఆమెకేమీ అడ్డం రాలేదు. అడ్డం వచ్చింది శ్రావణ మాసం.

ఆషాఢం వెళ్లగానే పెళ్లిళ్లు మొదలవుతాయి కదా, సంయుక్త పిన్నికూతురి పెళ్లి కూడా శ్రావణం మొదటి వారంలోనే పడింది. ఆరు రోజులు ఊరికి వెళ్లాలి. నాలుగు గంటలకోసారి తినే జంతువు కోసం రోజంతా పద్నాలుగో అంతస్తులో కూర్చోవడం కుదరదు కనుక, పంజరంతో సహా తన ఇంటికే తీసుకుపోతానని సక్కుబాయి మాట ఇచ్చింది. ఆ రోజు ఇంటికి వచ్చి గోడ మీది క్యాలెండరు చూసుకుంటే అప్పుడు తట్టింది. సోమవారం వాళ్ల ప్రయాణం. సోమవారమే శ్రావణ పాడ్యమి.

శ్రావణంలో నీసు మానేసే ఇళ్లు బస్తీలో చాలానే ఉన్నాయి. సక్కుబాయిది ఊరికే మానడం కాదు, మొక్కు. ముప్ఫై ఒక్క ఏళ్ల కిందట ఇదే మాసంలో, మూడు నెలల పసిగుడ్డుగా ఉన్న కూతురు పింకీకి జ్వరం వచ్చి ఫిట్స్ పట్టుకున్నాయి. పట్నంలో పెద్ద దవాఖానలో మూడో రోజు డాక్టరు తల అడ్డంగా ఊపాడు. సక్కుబాయి గేటు బయటికొచ్చి, తడికొంగు పట్టుకుని లక్ష్మమ్మకు మొక్కింది. తన బిడ్డను తనకు ఉంచితే బతికినన్నాళ్లు శ్రావణమంతా తన చేత్తో నీసు ముట్టనని, తన గడప దాటనివ్వనని. పింకీ బతికింది. ఇప్పుడామె ఒక టవర్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. గోపనపల్లిలో కాపురం. ఆ శ్రావణానికి రెండో కాన్పుకు ఎనిమిదో నెల.

మాట ఇచ్చాక కాదనడం సక్కుబాయికి చేతకాదు. ఇచ్చిన మొక్కు తప్పడం అంతకన్నా చేతకాదు. పైగా ఎనిమిదో నెల కడుపుతో కూతురు. సోమవారం పొద్దున సంయుక్త కోసి, విడివిడిగా డబ్బాల్లో సర్ది గడ్డకట్టించిన మాంసాన్ని ఐస్ పెట్టెలో పెట్టి ఇచ్చింది. ముప్ఫై ఆరు డబ్బాలు. గేటు దగ్గర పంజరం బయటికి పోనివ్వడానికి సెక్యూరిటీ అతను యాప్‌లో పర్మిషన్ రావాలన్నాడు. వచ్చేదాకా ఒక చేతిలో గోలీ, ఇంకో చేతిలో ఐస్ పెట్టె పెట్టుకుని నిలబడ్డ ఆ పది నిమిషాల్లోనే సక్కుబాయి ఉపాయం ఆలోచించింది. ఆమె దృష్టిలో అది తప్పు కాదు, ఉపాయమే.

బస్తీ మొదట్లో వీరేశం చికెన్ దుకాణం ఉంది. వరుసకు మరిది. సక్కుబాయి మెట్టు ఎక్కకుండా, రోడ్డు మీద నుంచే ఐస్ పెట్టె చేతికి అందించి, మేడం వాళ్లు వచ్చేదాకా ఫ్రీజర్‌లో ఉంచమని చెప్పింది. ఏటా శ్రావణం మొదటి రోజున అతను అడిగే మాటే ఆ రోజూ అడిగాడు.

"ఏం వదినా, ఇయ్యాల్టి సంది మా కోళ్లకు సెలవా?"

"నీ కోళ్లకు గాదు, నీ నోటికియ్యి సెలవు," అని వచ్చేసింది.

ఇంట్లో గోలీకి చిన్నపిల్లకు పెట్టినట్టే పెట్టింది. మెత్తగా కలిపిన పాలన్నం. అది వాసన చూసి ముక్కు తిప్పుకుంది. పప్పన్నంలో నెయ్యి వేసింది. ముట్టలేదు. ఒకటిన్నర రోజు అది ఏమీ తినకుండా పంజరం చుట్టూ తిరిగి తిరిగి, తలుపు దగ్గర గీరి గీరి అలసిపోయింది. మంగళవారం మధ్యాహ్నం అరటిపండు మెదిపి, పాలు పోసి, చిటికెడు బెల్లం కలిపి వేలితో అందిస్తే నాకింది. మళ్లీ అందిస్తే మళ్లీ నాకింది. గిన్నె ఖాళీ అయింది.

ఆ సంబరం ఇప్పుడు చెబుతుంటే ఆమె గొంతులో సిగ్గు. వాడకట్టులో కనబడ్డ ప్రతివాళ్లకూ చెప్పిందట, తన ఇంటికొచ్చాక ముంగిస కూడా శ్రావణం పట్టిందని. మూగజీవికి ఇంత పుణ్యం తన చేతి మీదుగా వస్తున్నదనుకుంది. రోజూ సాయంత్రం సంయుక్త వీడియో కాల్ చేసి తిన్నదా అని అడిగితే, గిన్నె నాకిందని చెప్పేది. అది అబద్ధం కాదు. ఏ గిన్నె అని ఆమె అడగలేదు, ఈమె చెప్పలేదు.

బుధవారం, గురువారం గోలీ ఎక్కువ పడుకుంది. గెంతులు లేవు. పలచగా విరేచనాలైతే చోటు మారింది కదా అనుకుంది. లేపితే కళ్లు తెరిచి ఎటో చూసేది. దానికి శాంతం వచ్చిందనుకుంది.

శ్రీలత స్టూలు కాస్త ముందుకు జరుపుకుంది. "మీకప్పుడు అనుమానం రాలేదాండీ?"

"వస్తె తప్పు ఒప్పుకోవాలె గద బిడ్డా. అందుకే రానియ్యలేదు."

ఐదో రోజు శుక్రవారం. సక్కుబాయి తలస్నానం చేసి, గడపకు పసుపు రాసి, దీపం పెట్టి, ప్రసాదానికి పాయసం దింపింది. చల్లారాక ఒక చెంచా గోలీకి కూడా పెట్టింది. గంటా గంటన్నరకు పంజరం వైపు చూస్తే అది ముందుకాళ్లతో నోరు పీక్కుంటోంది. నోట్లోంచి సొంగ కారుతోంది. ఏదైనా ఇరుక్కుందేమోనని బయటికి తీస్తే వెనక కాళ్లు రెండూ గుడ్డముక్కల్లా ఈడ్చుకుపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ ఆ కళ్లలో తాను లేనట్టు అనిపించింది.

సంయుక్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అక్కడ ముహూర్తం వేళ. పట్టుచీర కొంగులో దాన్ని చుట్టుకుని షేర్ ఆటో ఎక్కి, గోలీకి సూదులు వేయించే జంతువుల దవాఖానకు పోయింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చూడగానే చిగుళ్లకు తేనె రాసింది, కాలికి సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించింది, నెత్తురు తీసి పంపింది. గోలీ కాసేపటికి తల ఎత్తింది. అప్పుడు డాక్టరమ్మ అడిగింది, ఏం తిన్నదని.

వాళ్లు ఇచ్చిందే పెట్టానని సక్కుబాయి చెప్పింది. డాక్టరమ్మ తువ్వాలు మీద పడ్డ విరేచనం చూపించి, మళ్లీ అదే ప్రశ్న అదే గొంతుతో అడిగింది. ఈసారి సక్కుబాయి మొత్తం చెప్పింది, పాయసం చెంచాతో సహా.

"దీని పేగు చాలా పొట్టిదమ్మా," అంది డాక్టరమ్మ. "నోట్లో పడింది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది. అన్నం, పండు అరిగించుకునే తీరిక ఆ పేగుకి లేదు. మాంసం ఒక్కటే దీని ఒంటికి పడుతుంది. మీరు రోజూ కడుపు నింపారు. దీనికి మాత్రం ఐదు రోజులు ఉపవాసం అయింది."

ఇంకొకటి కూడా చెప్పింది. ఒంట్లో చక్కెరను అదుపు చేసే గ్రంథి మీద గడ్డ ఉన్నట్టుందని. ఐదేళ్లు దాటిన ఫెర్రెట్లకు వచ్చే జబ్బేనట. సక్కుబాయి వల్ల వచ్చింది కాదట. కానీ తీపి పడిన ప్రతిసారీ ఆ గడ్డ రెచ్చిపోయి, ఒంట్లో ఉన్న చక్కెరనంతా ఊడ్చేస్తుందట. తేనె రాయడం పడిపోతున్న మనిషిని చెయ్యిపట్టి ఆపడం లాంటిదే, ఆ వెంటనే మాంసం పడకపోతే మళ్లీ పడిపోతుంది. ఈ పూట నుంచి మూడు గంటలకోసారి, రాత్రీ పగలూ.

అని, మెత్తగా నూరిన ముద్దను గోరువెచ్చటి నీళ్లలో కలిపి సిరంజితో నోటికి పెట్టింది. గోలీ ఉమ్మేసింది. ఇంకోసారి పెడితే మొహం తిప్పి, సక్కుబాయి వైపు పాకడానికి చూసింది. డాక్టరమ్మ ఆ గిన్నె సక్కుబాయి వైపు జరిపి, వేలికి రాసుకుని పెట్టి చూడమంది.

"ఇది ఏంది డాక్టరమ్మా?"

"చికెనే."

సక్కుబాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్క నిమిషమని చెప్పి వరండాలోకి నడిచింది. అక్కడ గోడకు ఆనుకుని కూతురికి ఫోన్ చేసింది. పింకీ డ్యూటీలో ఉంది. వెనకాల లిఫ్టు తలుపుల చప్పుడు వినబడుతోంది. గోలీ సంగతి, ఐస్ పెట్టె సంగతి, మొక్కు సంగతి అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పింది. మొక్కు సంగతి పింకీకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. తన ప్రాణం దాంతో కొన్నదేనని తల్లి నూరుసార్లు చెప్పింది.

"తినకుంటే ఏమైతదంటున్నరు?" అని అడిగింది పింకీ.

"పొద్దుగూకే దాక ఉండదంట."

అవతల లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడు.

"అమ్మా," అంది పింకీ. "నా పేరు మీద దాన్ని సంపకు."

ఎవరో పిలుస్తున్నారని పెట్టేసింది. సక్కుబాయి లోపలికి వచ్చి, కుడిచేతి చూపుడువేలు ఆ ముద్దలో పెట్టింది. పెట్టి, గోలీ మూతి ముందు ఉంచింది. అది వాసన చూసింది. గరుకైన చిన్న నాలుక ఆమె వేలి మీద ఒకసారి ఆడింది. తర్వాత రెండోసారి. గిన్నెలో సగం అయ్యేదాకా ఆమె తల వంచుకునే ఉంది. డాక్టరమ్మ ఏదో రాసుకుంటూ, ఆమె మొహం వైపు చూడకుండా మంచి పని చేసింది.

తిరుగు ఆటోలో ఆమె లెక్కపెట్టింది డబ్బులు కాదు, గంటలు. పన్నెండింటికి తిన్నది. మూడింటికి మళ్లీ పెట్టాలి. వీరేశం దుకాణం ముందు దిగి, ఈసారి మెట్టు ఎక్కింది. శ్రావణ శుక్రవారం నాడు, పసుపు రాసిన కాళ్లతో, సక్కుబాయి చికెన్ దుకాణం మెట్టెక్కడం చూసి పక్క కిరాణా కొట్టులోని మాటలు ఆగిపోయాయి. వీరేశం వేళాకోళానికి నోరు తెరిచి, ఆమె మొహం చూసి మూసుకున్నాడు. డబ్బాలు రాయిలా గడ్డకట్టి ఉన్నాయి, కరగాలంటే సమయం పడుతుంది. ఆమె సంగతి చెప్పగానే అతను మొద్దు కడిగాడు, కత్తి కడిగాడు, తాజా గుండెకాయలు, తొడమాంసం తీసుకుని పేస్టులా అయ్యేదాకా కొట్టి మూటకట్టాడు. మూట ఆమె చేతికి ఇవ్వలేదు.

"వదినా, నేను తెస్త పా. నేనే గడప దాటిస్త. పాపమో గీపమో నామీద వడ్తది."

"మొక్కింది నేను మరిదీ," అంది సక్కుబాయి. "దాటేది గూడ నేనే."

పొద్దున తాను రాసిన పసుపు గడప మీద ఇంకా పచ్చిగానే ఉంది. లోపల దీపం వెలుగుతోంది. ఒక చేత్తో గోలీని, ఇంకో చేత్తో మూటను పట్టుకుని దాటింది. దీపం కొండెక్కలేదు. అందులో అమ్మవారు ఒప్పుకున్నదన్న గుర్తేమీ లేదనీ, నూనె నిండుగా పోసింది కనుక వెలిగిందనీ ఆమె ఇప్పటికీ అంటుంది.

మర్నాడు సంయుక్త వాళ్లు వచ్చారు. సక్కుబాయి పద్నాలుగో అంతస్తుకు పోయి, చెప్పులు విడవకముందే, తలుపు దగ్గరే నిలబడి మొత్తం చెప్పేసింది. హేమంత్ ఏదో అనబోయాడు. సంయుక్త పంజరం తీసుకుని తలుపు వేసుకుంది. తొమ్మిది రోజులు ఫోన్ లేదు. పదో రోజు వచ్చింది. మందు కలిపిన మాంసం ఎవరి చేత్తో పెట్టినా గోలీ సరిగ్గా తినడం లేదు.

"నాకు కోపం పోలేదు ఆంటీ," అంది సంయుక్త. "కానీ మీరు రండి."

వెళ్లింది. ఫ్రిజ్ మీద పాత కాగితం స్థానంలో కొత్తది ఉంది. తెలుగులో, పెద్ద అక్షరాలతో, సంయుక్త స్వయంగా రాసింది. ఏది వద్దో రాసి, దాని పక్కనే ఎందుకు వద్దో రాసింది. సక్కుబాయి గుణింతాలు కూడబలుక్కుంటూ దాన్ని చదవడానికి రెండు రోజులు పట్టింది. అర్థం కానివి అడిగింది. తనకు పని చెప్పేవాళ్లను ఎందుకని అడగడం ఆమెకు అదే మొదలు. గుండెకాయలో ఉండే ఒక సారం లేకపోతే దాని గుండె, కళ్లు దెబ్బతింటాయని తెలుసుకుంది. కార్జం మంచిదే కానీ వారానికి నాలుగు ముక్కలు మించితే చెడ్డదని. కోడి మెడ పచ్చిదైతే ఎముకతో సహా నమిలేస్తుంది, ఉడికిస్తే అదే ఎముక సూదిలా చీలి పేగులో గుచ్చుకుంటుందని. గోలీ తినగా మిగిలిన ముక్కల్ని సోఫా వెనకాల, హేమంత్ బూట్లలో దాచిపెట్టేది. అవి కుళ్లకముందే వెతికి తీయడం రోజూ ఊడ్చే పనిలో భాగమైంది. ఒకసారి హేమంత్ ఆ బూటు వేసుకుని ఆఫీసు దాకా పోయాడని చెప్పినప్పుడు మాత్రం సక్కుబాయి కొంచెం నవ్వింది.

ఆ శ్రావణం మిగిలిన రోజులూ, భాద్రపదంలో సగం దాకా, ఫోన్ మోగిన ప్రతిసారీ ఆమె ముందు లక్ష్మమ్మను తలుచుకునేది. ఆ భయం ఎవరితోనూ అనలేదు. ఇటు వేలు పెట్టి గోలీకి తినిపిస్తూనే, అటు మనసులో పింకీ నెలలు లెక్కపెట్టేది. ఒకరోజు పొద్దున అల్లుడు ఫోన్ చేసి ఆడపిల్ల అన్నాడు. పింకీ ఎట్లుందని సక్కుబాయి అల్లుణ్ని అడగలేదు. ఫోన్ పింకీకి ఇయ్యమంది. "అమ్మా, ఆకలైతుంది, కారప్పొడి తేవాలె," అని గొంతు వినబడ్డాక మిరపకాయలు వేయించడానికి లేచింది.

తర్వాతి ఏడు మళ్లీ శ్రావణం వచ్చింది. ఆమె తాను నీసు తినలేదు. గోలీకి మానలేదు. ముందు పద్నాలుగో అంతస్తులో గోలీ గిన్నె, తర్వాత ఇంటికొచ్చి తన స్నానం, ఆ తర్వాత దీపం. సక్కుబాయిది సగం మొక్కు అని వాడకట్టులో ఆడవాళ్లు ఎత్తిపొడిచారు. సగమే, అని ఒప్పుకుంది.

మొన్న మార్గశిరంలో, పొద్దున పదకొండింటి గిన్నె వేళకు, గోలీ ఆమె వేలి మీద రెండుసార్లు నాకి, మణికట్టు మీద తల పెట్టుకుంది. అది నిద్రపోయిందనుకుని ఆమె కదలకుండా చాలాసేపు కూర్చుంది. ఆ సాయంత్రం సంయుక్త ఫ్రిజ్ మీద కాగితం తీసి, మడిచి ఆమె చేతికి ఇచ్చింది. అది ఇప్పుడు సక్కుబాయి దేవుడి పటాల వెనకాల ఉంది.

చిక్కుడుకాయలు అయిపోయాయి. వాకిట్లోకి రెండో పొద్దు వచ్చింది. అద్దాల మీంచి జారిన ఎండ శ్రీలత పాదాల మీద పడుతోంది. ఆమె ఏదో చెప్పాలని చాలాసేపటి నుంచి బ్యాగు జిప్పు లాగుతూ, వేస్తూ ఉంది.

"నిన్న మా అత్తయ్యగారు పెరుగన్నం ఒక ముద్ద పెట్టారండి దానికి," అంది చివరికి. "ఎంత ఇష్టంగా తిందోనని మురిసిపోయారు. ఆవిడ పుట్టాక నీచు ముట్టుకున్న మనిషి కాదు. మేమిద్దరం ఆఫీసుకెళ్తే పగలంతా దాన్ని చూసుకునేది ఆవిడే. నేను చెప్తే, పసిదానికి పెరుగు కూడా పెట్టకూడదా అని చిన్నబుచ్చుకున్నారు."

చేట ఎత్తబోతున్న సక్కుబాయి చేతులు ఆగిపోయాయి.

"ఎన్ని వారాల పిల్ల అన్నవు?"

"పదండి."

"ఆరు నెలలు నిండే లోపట ఏ రుచి జూపిస్తే అదే తిండి అనుకుంటది. అటెనక ఎంత బతిలాడినా మారదు. గోలీకి ముందు మాంసం తెలుసు గనుక నా యేలు మీదకెల్లి తిన్నది. దీనికి పెరుగన్నమే తెలిస్తె, రేపు యే యేలు వెట్టినా తినదు." ఆమె చేట పక్కన పెట్టింది. "మీ అత్తమ్మ పేరేంది?"

"పుణ్యవతి గారు."

సక్కుబాయి ఆ పేరు ఒకసారి మెల్లగా అనుకుంది. లేచి, లోపలికి పోయి, పటాల వెనకాల నుంచి కాగితం తెచ్చింది. మడతల దగ్గర నలిగి, ఒక మూల నూనె మరక. శ్రీలత చెయ్యి చాచింది కానీ ఆమె ఇవ్వలేదు. కొంగున కట్టుకుంది.

"రేపు మీ అత్తమ్మను ఈడికి తోల్కరా. ఆమె రానంటె ఫోన్ జెయ్యి, నేనే కూకట్‌పల్లికొస్త. తప్పు జేసినవని చెప్పకు బిడ్డా, గట్ల చెప్తె రాదు. సక్కుబాయి అని ఒకామె ఉన్నది, శ్రావణం ముచ్చట చెప్తదంట అని చెప్పు. ఆమె మాంసం ముట్టకపోయినా ఫికర్ లేదు, ఎవలు ముట్టాల్నో, ఎట్ల వెట్టాల్నో ఇద్దరం కూసోని సోంచాయిస్తం. ఎందుకు వద్దో ఒక్కసారి ఇంటె ఆమె వెట్టది. నాకు తెలుసు." గోడ మీది గడియారం చూసింది. "నువ్వొచ్చి రెండు గంటలాయె. ఇగ లే. పోతూ పోతూ వీరేశం దుకాణంల నా పేరు చెప్పి గుండెకాయలు తీస్కపో. నడువు, నడువు. అది ఆకలి మీదుంటది."